ఎండను పనిలో పెట్టుకోండి: నల్లగొండ, పాలమూరు ఇళ్లలో వేసవి రోజును ఎలా నడపాలి

మే నెలలో నల్లగొండలో పగటి ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరడం మనకు కొత్త కాదు. పాలమూరు, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపూ ఎండ గట్టిదే. అయితే మన ఎండకు ఒక మంచి గుణం ఉంది. అది పొడి ఎండ. సముద్రం దూరం కాబట్టి గాలిలో తేమ తక్కువ. అందుకే మట్టి కుండలో నీళ్లు చల్లబడతాయి, డాబా మీద పెట్టిన వడియం రెండు మూడు రోజుల్లో గలగలలాడుతుంది, పొద్దుపోయాక బకెట్టు నీళ్లు చల్లితే ఆరుబయట హాయిగా నిద్ర పడుతుంది. కోస్తా ఊళ్లలో ఉక్కపోతతో అల్లాడే మన బంధువులకు ఈ సుఖం దొరకదు.

ఈ పొడితనాన్ని వాడుకోవడం తెలిసిన ఇంట్లో వేసవి నిజంగా సందడిగా ఉంటుంది. అందుకు రోజును ఎండకు తగ్గట్టు పంచుకోవాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవండి. ఒళ్లు వంచే పనులన్నీ పది గంటలకల్లా ముగించండి. నాలుగింటి దాకా నీడపట్టున కూర్చుని చేసే పనులు పెట్టుకోండి. ఆ తర్వాత మళ్లీ బయటికి రండి. పిల్లలకు బడి సెలవులు ఉన్నన్నాళ్లు ఇల్లంతా ఇదే వేళలు పాటిస్తే వారం రోజుల్లో ఒంటికి అలవాటవుతుంది.

ఎండలు ముదరకముందే చేయాల్సినవి

మార్చి చివరికల్లా డాబాకు సున్నం వేయండి. స్లాబు పగలంతా వేడిని తాగి రాత్రంతా గదిలోకి వదులుతుంది. తెల్లటి పూత ఆ ఎండలో చాలా భాగాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని తెచ్చింది కూడా ఈ కారణంతోనే. ఖరీదైన రంగులు కొనే స్తోమత లేకపోయినా సున్నంతో పని జరుగుతుంది.

ముందు డాబాను ఊడ్చి, నాచు, పెచ్చులు గీకి, పగుళ్లు సిమెంటుతో పూడ్చండి. సున్నాన్ని నీళ్లలో వేసి రాత్రంతా ఉంచండి. రాతి సున్నమైతే నీళ్లు తగలగానే కుతకుత ఉడికి చిమ్ముతుంది, కాబట్టి ఆ పని పెద్దవాళ్లే చేయాలి, పిల్లలు దగ్గరికి రాకూడదు. మర్నాడు గుడ్డతో వడగట్టి, పూత రాలిపోకుండా కాస్త జిగురు కలపండి. సాయంత్రం స్లాబును తడిపి, తడి ఆరీ ఆరకముందే కొత్త చీపురుతోగానీ వెడల్పాటి కుంచెతోగానీ ఒక పూత వేయండి. మరుసటి సాయంత్రం రెండో పూత. కంటిలో చుక్క పడితే వెంటనే నీళ్లతో బాగా కడగాలి. ఇద్దరు పెద్దవాళ్లు, కుంచె పట్టగలిగిన ఇద్దరు పిల్లలు ఉంటే రెండు సాయంత్రాల్లో పని అయిపోతుంది.

ఇక రంజన్, అంటే తాగే నీళ్లు చల్లబరిచే మట్టి కుండ. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో కూడా రంజన్ ఉండాలన్నది నా గట్టి నమ్మకం. కుండ గోడల్లో కంటికి కనపడని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి, ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని తీసుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే కుండ అంత బాగా పనిచేస్తుంది. నున్నగా రంగు పూసిన కుండలు చూడముచ్చటగా ఉంటాయి గానీ రంగు ఆ రంధ్రాలను మూసేస్తుంది. పూత లేని, వేలితో కొడితే ఖంగుమనే కుండను ఎంచుకోండి. ఒక రోజు నీళ్లలో ముంచి ఉంచి, మొదట నింపిన నీళ్లను మొక్కలకు పోసేయండి. గాలి ఆడే నీడలో, తడి ఇసుక పోసిన పళ్లెం మీద నిలబెట్టి, చుట్టూ తడి నూలు గుడ్డ కట్టండి. గుప్పెడు వట్టివేళ్లు కడిగి మూటగా కట్టి లోపల వేస్తే నీళ్లకు చక్కటి వాసన పడుతుంది. వారానికోసారి లోపల కొబ్బరి పీచుతో రుద్ది కడగండి, సబ్బు మాత్రం వద్దు. రెండు మూడేళ్లకు రంధ్రాలు పూడి కుండ చల్లదనం తగ్గుతుంది. అప్పుడు దాన్ని మొక్కల కుండీగా మార్చి కొత్తది తెచ్చుకోండి.

నల్లగొండ వాళ్లకు ఇంకో మాట చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత బాధ పెట్టిందో మనకు తెలిసిందే. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరు నీళ్లు రంజన్‌లో పోసినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. మరిగిస్తే నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. ఎండాకాలం మామూలుకన్నా రెట్టింపు నీళ్లు తాగుతాం కాబట్టి తాగడానికి, వంటకు, అంబలికి కృష్ణా నీళ్లే వాడండి. బోరు నీళ్లు డాబాకు, మొక్కలకు, కూలర్‌కు సరిపోతాయి.

తెల్లవారుజాము నుంచి పది గంటల దాకా

లేవగానే మొక్కలకు నీళ్లు పోయండి. ఎండెక్కాక పోస్తే సగం ఆవిరికే పోతుంది. మొదళ్లలో ఎండుటాకులో, వేరుశనగ పొట్టో పరిస్తే సాయంత్రం దాకా తడి నిలుస్తుంది. పిట్టగోడ మీద, నీడ పడే మూల, వెడల్పాటి మట్టి మూకుడులో పిచ్చుకలకు నీళ్లు పెట్టి, రోజూ మార్చండి.

ఉదయం ఆహారానికి అంబలిని మించింది లేదు. ముందు రాత్రి నాలుగు పెద్ద చెంచాల తైద (రాగి) పిండిని గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూత పెట్టి ఉంచండి. రాత్రి వేడికి అది కొద్దిగా పులుస్తుంది. పొద్దున మూడు గ్లాసుల నీళ్లు మరిగించి, ఆ పిండి నీళ్లు పోసి, సన్న మంట మీద పది నిమిషాలు కలుపుతూ ఉడికించండి. చల్లారాక పలుచటి మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి మట్టి గిన్నెలో పోసుకోండి. జొన్న పిండితోనూ ఇలాగే చేయవచ్చు. జొన్నకు ఇంకో అయిదు నిమిషాలు ఎక్కువ ఉడుకు కావాలి. నంజుకోవడానికి పచ్చిమామిడి ముక్క, కాస్త కారం ఉంటే చాలు.

ఇప్పుడు వడియాలు. వీటిలో తొంభై పాళ్ల విజయం వేళ మీదే ఆధారపడుతుంది. ఏడు గంటలకల్లా పిండి గుడ్డ మీద ఉండాలి. అప్పుడు తొలి రోజే పూర్తి ఎండ తగిలి, పులుపెక్కకుండా, బూజు పట్టకుండా గట్టిపడతాయి. సగ్గుబియ్యం వడియాలతో మొదలుపెట్టండి, తేలిక. గ్లాసు సగ్గుబియ్యం రాత్రి నానబెట్టండి. అయిదింటికి ఆరు గ్లాసుల నీళ్లు మరిగించి అందులో వేసి, గింజ అద్దంలా తేటపడేదాకా ఉడికించండి. నూరిన పచ్చిమిర్చి, జీలకర్ర వేయండి. ఉప్పు మాత్రం నాలుకకు కొంచెం తక్కువ అనిపించేలా వేయాలి. నీరంతా ఎండిపోయాక ఉప్పు ముందుకొస్తుంది. పొయ్యి దించి గోరువెచ్చగా అయ్యాక నిమ్మరసం పిండండి.

ఉతికిన పాత నూలు చీరనో పంచెనో తడిపి, పిండి, ముడత లేకుండా డాబా మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టండి. గరిటెతో కాస్త కాస్త పోస్తూ వెళ్లండి, పలుచగా రుద్దవద్దు. పోసే పని పిల్లలకు ఇవ్వండి. వడియం గుండ్రంగా రాకపోయినా నూనెలో అది బాగానే పొంగుతుంది. సాయంత్రం గుడ్డతో సహా లోపలికి తెచ్చి, మర్నాడు గుడ్డను తిరగేసి వెనకవైపు నీళ్లు చిలకరించి, రెండు నిమిషాలు ఆగి లాగితే వడియాలు విరగకుండా ఊడివస్తాయి. వాటిని పళ్లేల్లో పోసి ఇంకో రెండు ఎండలు పెట్టండి. విరిస్తే పటుక్కుమనాలి. మెత్తగా వంగితే ఇంకో రోజు ఎండ కావాలి.

చల్ల మిరపకాయలకు ఇంత హడావిడి లేదు. అరకిలో మిరపకాయలను తొడిమలు తీయకుండా, మధ్యలో చిన్న గాటు పెట్టి, ఉప్పు వేసిన లీటరు పుల్ల మజ్జిగలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున కాయలు తీసి ఎండలో పెట్టి, సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో వేయండి. మజ్జిగంతా కాయలు పీల్చుకునేదాకా ఇలా మూడు నాలుగు రోజులు చేయాలి. తర్వాత తెల్లబడి గలగలలాడేదాకా ఎండనివ్వండి. కాకుల్ని తోలడానికి, నీడలో పుస్తకం పట్టుకుని కూర్చునే ఒక కాపలాదారు ఉంటే సరి.

ఏడాదికి సరిపడా కందిపప్పు, మిరపకాయలు, పసుపు కొమ్ములు ఎండబెట్టడం కూడా ఈ వేళలోనే. పప్పు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయండి. వేడి మీద మూత పెడితే లోపల చెమట పట్టి పురుగు చేరుతుంది.

ఆవకాయకు ఒక రోజు

ఈ పనికి ఇంటిల్లిపాది ఉన్న రోజును ఎంచుకోండి. ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో కాయకు టెంక గట్టిపడి, కండ ఇంకా పుల్లగా ఉంటుంది. చెట్టు నుంచి కోసిన రోజో, మర్నాడో పచ్చడి పెట్టాలి. మెత్తబడిన కాయ ఒక్కటి పడినా జాడీ అంతా పాడవుతుంది. తెల్లవారగానే మార్కెట్‌కు వెళ్లి, కాయలు ఇంట్లో కడిగి తుడిచి ఆరబెట్టి, అప్పుడు కొట్టించండి. కొట్టినచోట కడిగితే ముక్కలో నీరు మిగులుతుంది. ప్రతి ముక్కకూ టెంక అంటి ఉండాలి. లోపలి జీడి, కాగితంలాంటి పొర తీసి, ముక్కలను పొడి గుడ్డతో ఒక్కొక్కటిగా తుడవండి. నలుగురు కూర్చుంటే ఈ పని కబుర్లలోనే అయిపోతుంది.

మన దగ్గర ఆవకాయలో అల్లం వెల్లుల్లి పడాలి, నూనె కాగాలి. కిలో ముక్కలకు కొలత ఇది. దంచిన దొడ్డుప్పు 150 గ్రాములు, కారం 150 గ్రాములు, ఆవపిండి 80 గ్రాములు, దోరగా వేయించి కొట్టిన మెంతిపిండి 20 గ్రాములు, జీలకర్ర పొడి 20 గ్రాములు, చెంచా పసుపు, నీళ్లు తగలకుండా నూరిన అల్లం వెల్లుల్లి ముద్ద 150 గ్రాములు, నువ్వుల నూనె లేదా పల్లి నూనె 400 మిల్లీలీటర్లు. ఉప్పు, ఆవాలు, మిరపకాయలు ముందు రోజే ఎండబెట్టుకుని ఉండాలి.

నూనె కాచి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కాసిన్ని పొట్టు తీసిన వెల్లుల్లి రెబ్బలు వేసి, పొయ్యి ఆపి, గోరువెచ్చగా అయ్యాక అల్లం వెల్లుల్లి ముద్ద కలపండి. నూనె పూర్తిగా చల్లారాలి. వేడిగా పోస్తే కారం రంగు మారుతుంది, ముక్క మెత్తబడుతుంది. వెడల్పాటి పళ్లెంలో పొడులన్నీ కలిపి, ముక్కలు దొర్లించి, నూనె పోసి, పొడి చేత్తో అడుగు నుంచి పైకి కలపండి. ఎండలో ఆరిన జాడీలోకి ఎత్తి, పైన కాస్త నూనె పోసి, మూతికి గుడ్డ కట్టండి. మూడో రోజు గుడ్డ విప్పి, పొడి గరిటెతో తిరగ కలిపి, ఉప్పు చూడండి. నూనె ముక్కలకు పైన నిలబడాలి. తగ్గితే కాచి చల్లార్చిన నూనె ఇంకొంచెం పోయండి.

జాడీలోకి ఎత్తాక పళ్లేనికి అంటిన ఎర్రటి ముద్దలో వేడి అన్నం వేసి కలిపి, అందరికీ ముద్దలు పెట్టడం మరవవద్దు. పిల్లలకు ఏడాది పొడుగునా గుర్తుండేది ఆ ముద్దే.

పది నుంచి నాలుగు దాకా

తొమ్మిదింటికే ఎండ పడే వైపు కిటికీలు మూసి తెరలు దించండి. కూలర్‌ను కిటికీ దగ్గర పెట్టి, బయటి గాలి లాక్కునేలా ఉంచి, ఎదుటివైపు కిటికీ కొద్దిగా తెరవండి. గది మొత్తం మూసేస్తే తేమ నిండి ఉక్క పుడుతుంది. కూలర్ గడ్డిని ఏటా మార్చాలి, తొట్టి నీళ్లను వారానికి రెండుసార్లు పారబోయాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

మధ్యాహ్నం వంటింట్లో పొయ్యి వెలిగించే పని వీలైనంత తగ్గించండి. అన్నం ఉదయమే వండి, కూరకు బదులు పచ్చిపులుసు చేయండి. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పలుచటి రసం తీయండి. కాల్చిన పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు కలిపి నలిపి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, చిటికెడు బెల్లం, చెంచా వేయించిన నువ్వుల పొడి కలపండి. పైన చిన్న పోపు. అయిదు నిమిషాల పని. పక్కన ముందే ఎండిన వడియాలు ఉంటే పిల్లలు ఇంకోసారి వడ్డించమంటారు.

ఈ వేళకు తగిన పని చింతపండు గింజ తీయడం. ఏడాదికి సరిపడా చింతపండు తెచ్చి, చల్లటి నాపరాళ్ల గచ్చు మీద అందరూ చుట్టూ కూర్చోండి. చిన్న రాయితో తడితే గింజ ఊడుతుంది. పీచు తీసేసి, కాస్త ఉప్పు చల్లి జాడీలో అదిమి పెట్టండి. గింజలు పారేయకండి. వాటితో ఆట ఉంది.

నాలుగు మంచి గింజలు ఏరి, రెండు పప్పులుగా చీల్చి, ఒక్కో గింజ నుంచి ఒక్క పప్పు తీసుకోండి. ఒకవైపు నల్లగా, ఒకవైపు తెల్లగా ఉన్న ఆ నాలుగు పప్పులే అష్టాచెమ్మాకు పాచికలు. గచ్చు మీద సుద్దముక్కతో అయిదు అడ్డం, అయిదు నిలువు చొప్పున 25 గడులు గీయండి. నాలుగు వైపులా అంచున మధ్య గడిలో, నట్టనడుమ గడిలో గుణకారం గుర్తు వేయండి. ఒక్కొక్కరు ఒక్కో వైపు కూర్చుని, తమ ముందున్న గుర్తు గడిలో నాలుగు కాయలు పెట్టుకోవాలి. గాజుముక్కలు, గులకరాళ్లు, కందిగింజలు, ఎవరికి నచ్చినవి వాళ్లు.

పప్పులు వేస్తే ఎన్ని తెల్లగా పడితే అన్ని గడులు నడవాలి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఈ రెండిట్లో ఏది పడినా ఇంకో పందెం వేయవచ్చు. కాయలు బయటి వరుసలో కుడివైపుగా చుట్టూ తిరిగి, తర్వాత లోపలి వరుసలోకి దిగి ఎదురు దిశలో తిరిగి, నడిమి గడికి చేరితే పండినట్టు. గుర్తు లేని గడిలో ఎదుటివాళ్ల కాయ ఉండగా మీ కాయ అక్కడికే వస్తే అది చచ్చి మొదటికి పోతుంది. కనీసం ఒక కాయను చంపనిదే లోపలి వరుసలోకి దిగనివ్వని ఇళ్లూ ఉన్నాయి. ఆ నియమం పెట్టుకుంటే ఆట పదునెక్కుతుంది. అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్న ఇంట్లో నియమాలు వాళ్లనే చెప్పనివ్వండి. అయిదారేళ్ల పిల్లలకు లెక్కలు నేర్పడానికి దీనికన్నా మంచి సాధనం నేను చూడలేదు. మిగిలిన గింజలను డబ్బాలో దాచండి, వామనగుంటలకు పనికొస్తాయి.

కుట్టుపని వచ్చిన వాళ్లుంటే పాత నూలు చీరలతో బొంత మొదలుపెట్టండి. నారాయణపేట నూలు చీరలు ఉతికిన కొద్దీ మెత్తబడతాయి, బొంతకు అవి శ్రేష్ఠం. నాలుగైదు పొరలు పరిచి అంచులు కుట్టి, బొటనవేలి వెడల్పు దూరంలో వరుస కుట్లు వేసుకుంటూ పోవడమే.

మే 7, 8 తేదీల్లో మాత్రం మిట్టమధ్యాహ్నం అయిదు నిమిషాలు పిల్లల్ని డాబా మీదికి తీసుకువెళ్లండి. మన జిల్లాల మీద సూర్యుడు ఆ రోజుల్లో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. దాదాపు 12 గంటల 10 నిమిషాలకు నిటారుగా నిలబెట్టిన స్టీలు గ్లాసుకు పక్కన నీడే కనపడదు. పావుగంట ముందు ఒకసారి, ఆ క్షణంలో ఒకసారి సుద్దముక్కతో నీడ అంచు గీయించండి. తలకు తువ్వాలు, కాళ్లకు చెప్పులు తప్పనిసరి.

ఈ వేళలో తప్పక బయట తిరగాల్సి వచ్చిన వాళ్ల మీద కన్నేసి ఉంచండి. తలనొప్పి, వికారం, కండరాల నొప్పులు కనిపిస్తే నీడకు చేర్చి, లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. చెంచాలు తల కొట్టి కొలవాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతున్నట్టుంటే అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేదాకా ఒంటిమీద నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు.

సాయంత్రం

నాలుగున్నర దాటాక ముంజలకు వెళ్లండి. హైదరాబాద్–విజయవాడ రహదారి పక్కన గెలలు పెట్టుకుని కూర్చున్న వాళ్ల దగ్గర కాయగానే కొని, కళ్లముందు కొట్టించండి. గోరు సులువుగా దిగాలి, లోపల నీళ్లు కదలాలి. ముదిరిన ముంజ కడుపునొప్పి తెస్తుంది, ఆశపడవద్దు. బొటనవేలితో తోడుకుని అక్కడికక్కడే తినండి. ఇంటికి తెస్తే రంజన్ నీళ్లలో వేసి, ఆ సాయంత్రమే ముగించండి.

తిన్నాక రెండు బుర్రలు దాచండి. రెండిటినీ నడుమ గుండా ఒక జానెడు పుల్లతో కలిపితే చక్రాలు, ఇరుసు సిద్ధం. చివర పంగ ఉన్న పొడవాటి కర్రను ఇరుసు మీద ఆనించి తోస్తే బండి పరుగెడుతుంది. పుల్ల వదులుగా తిరిగేలా బుర్రకు రంధ్రం కాస్త పెద్దదిగా చేయాలి. ఆ తర్వాత చీకటి పడేదాకా పిల్లలు మీకు దొరకరు.

నల్లగొండ బత్తాయి రసం తీస్తే వెంటనే తాగేయాలి. నిలవ ఉంటే చేదెక్కుతుంది. గింజ నలగకుండా, తెల్ల పొర పడకుండా పిండాలి. కొల్లాపూర్ మామిడి దొరికితే పండ్లు కాకుండా ముదురు కాయలే కొనండి. కాయలను మగ్గబెట్టే కార్బైడ్ బెడద ఉండదు. ఆ మందు నిషేధంలో ఉన్నా వాడకం పోలేదు. తొడిమ దగ్గర సొన కారనిచ్చి, తుడిచి, చీకటి గదిలో ఎండుగడ్డి మీద ఒక వరుస, పైన గడ్డి, మళ్లీ వరుస పేర్చండి. రెండు రోజులకోసారి చూసి పండినవి తీయండి. అయిదారు రోజుల్లో గదంతా ఘుమఘుమలాడుతుంది. తినేముందు గంటసేపు నీళ్లలో వేయండి.

మల్లెమొగ్గలు పొద్దు వాలుతుండగా, విచ్చకముందే కోయాలి. అరటినారను తడిపి కడితే దండ రాత్రంతా వాడదు.

ఈత నేర్పాలనుకుంటే పెద్దల కాపలా ఉన్న కొలనులోనో, మెట్లు ఉండి లోతు తెలిసిన బావిలోనో, ఈత బాగా వచ్చిన మనిషి నీళ్లలో ఉండగానే నేర్పండి. సాగర్ కాలువల్లోకి మాత్రం ఎవరినీ దిగనివ్వకండి. పైకి నెమ్మదిగా కనిపించే ఆ నీళ్లు అడుగున ఈడ్చుకుపోతాయి, సిమెంటు గట్టు పట్టుకోవడానికి పట్టు ఇవ్వదు. ప్రతి వేసవిలో ఎన్నో ఇళ్లలో ఈ దుఃఖం చూస్తున్నాం.

రాత్రి డాబా మీద

ఆరున్నరకు ఒకసారి, ఎనిమిదింటికి ఒకసారి డాబా మీద నీళ్లు చల్లండి. మొదటిసారి చల్లిన నీళ్లు బుసబుసమని ఆవిరైపోతాయి, సెగ కొడుతుంది, అప్పుడే పడకలు వేయవద్దు. రెండోసారి చల్లాక నేల చల్లబడుతుంది. బకెట్టుతో గుమ్మరించే బదులు చెంబుతో చిలకరిస్తే రెండు బకెట్లతో డాబా అంతా అవుతుంది. నేల మీద పరుపుకన్నా నులక మంచం మేలు, కింది నుంచి గాలి ఆడుతుంది. నులక సడలితే పగలు బిగించుకోండి. పిట్టగోడ తక్కువ ఎత్తున్న డాబా మీద పిల్లల్ని నడుమ పడుకోబెట్టి, దోమతెర కట్టండి. తాగడానికి చిన్న కూజా పెట్టుకోండి.

దీపాలు ఆపేసి ఉత్తరం వైపు చూడండి. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి గరిట ఆకారంలో ఉండే సప్తర్షి మండలం ఎత్తులో ఉంటుంది. గరిట కాడలో చివరి నుంచి రెండో చుక్క వసిష్ఠుడు, దాన్ని ఆనుకుని మిణుకుమిణుకుమనేది అరుంధతి. కళ్లు బాగున్నవాళ్లకు విడిగా కనిపిస్తుంది, పిల్లల చూపును పరీక్షించండి. ఆ కాడ వంపును అలాగే పొడిగిస్తే నారింజ రంగులో మెరిసే స్వాతి, ఇంకా పొడిగిస్తే తెల్లటి చిత్త దొరుకుతాయి. ఆగ్నేయాన ఎర్రగా పైకి వచ్చేది జ్యేష్ఠ, దాని చుట్టూ వృశ్చికం. ధ్రువ నక్షత్రం మన దగ్గర చాలా కిందికి ఉంటుంది. మనం ఉన్నది దాదాపు 17 డిగ్రీల అక్షాంశం మీద, అదీ నేల నుంచి అంతే ఎత్తులో కనిపిస్తుంది. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. పిడికిలి మీద పిడికిలి పెడితే రెండోది పూర్తి కాకముందే ధ్రువం దొరకాలి. పెద్ద మెరుపు ఉండదు కాబట్టి ఓపికగా వెతకండి.

మృగశిర లోపు

రోహిణి కార్తె ముగిసి జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. గాలిలో తేమ పెరిగాక వడియం ఎండదు, కుండ అంతగా చల్లబడదు, కూలర్ ఉక్క పోస్తుంది. అందుకే ఎండ పనులకు జూన్ మొదటి వారమే గడువు పెట్టుకోండి. చివరి ఎండకు వడియాలు, పప్పులు, మిరపకాయలు మరోసారి ఆరబెట్టి, చల్లారాక డబ్బాల్లో పోసి, పప్పుల్లో ఎండిన వేపాకు వేయండి. ఆవకాయ జాడీ మూతిగుడ్డ మార్చి, నూనె పైన ఉందో లేదో చూడండి. కూలర్ తొట్టి ఖాళీ చేసి తుడిచి ఆరబెట్టండి. నులక మంచాలు లోపల గోడకు నిలబెట్టండి. డాబా మీది వాన గొట్టం మూతిలో చేరిన ఆకులు, సున్నం పెచ్చులు తీసేయండి. తొలకరికి ముందు అది పూడి ఉంటే నీళ్లు స్లాబు మీదే నిలుస్తాయి.